బియ్యం ఉన్న ఇంట్లో పిల్లలు ఎందుకు ఎదగడం లేదు?

మీరు అడిగింది ఇది. మీరు పాఠాలు చెప్పే బస్తీలో దాదాపు అన్ని ఇళ్లలో రేషన్ బియ్యం ఉన్నాయి. అంగన్‌వాడీ ఉంది. నడిచి వెళ్లేంత దూరంలో బస్తీ దవాఖాన ఉంది. తల్లీతండ్రీ ఇద్దరూ పనికి పోతున్నారు. అయినా ఒకటో తరగతికి వచ్చే పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు ఉండడం లేదు, నెలకోసారి జ్వరమనో విరేచనాలనో బడి మానేస్తున్నారు. ఇది తల్లులకు తెలియకపోవడం వల్లా, ఇంకేమైనా ఉందా? టీచరుగా మీరు చేయగలిగింది ఏమిటి?

నేను పిల్లల డాక్టర్ని. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం హైదరాబాద్ బస్తీల్లోనే గడిచింది. జవాబు ముందే చెప్పేస్తాను: తల్లులకు తెలియక కాదు. గుడ్డు మంచిదని, పాలు పట్టాలని, నీళ్లు కాచి తాగాలని నేను కలిసిన తల్లుల్లో తెలియనివాళ్లు చాలా తక్కువ. ఆ ఇళ్లలో అన్నిటికంటే కరువుగా ఉన్నది తల్లికి తీరిక. ఆ తర్వాత శుభ్రమైన నీళ్లు. ఈ రెండూ లేనిచోట బియ్యం, మందులు ఎన్ని ఇచ్చినా బిడ్డ ఒంటికి పట్టేది కొంతే.

మొదట ఎత్తు సంగతి. పుట్టినప్పుడు 50 సెంటీమీటర్లుండే బిడ్డ మొదటి ఏడాదిలో సుమారు 25 సెంటీమీటర్లు, రెండో ఏడాదిలో ఇంకో 12 పెరుగుతుంది. ఆ వేగం మళ్లీ జీవితంలో రాదు. రెండేళ్లు నిండిన ఆడపిల్ల సగటున 86 సెంటీమీటర్లు ఉండాలి. 80 కంటే తక్కువ ఉంటే గిడసబారినట్టు లెక్క. కాబట్టి మీ తరగతిలో పొట్టిగా కనిపించే ఆరేళ్ల పిల్ల ఈ సంవత్సరం తిండి చాలక అలా లేదు. తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి రెండో పుట్టినరోజు దాకా ఉన్న వెయ్యి రోజుల్లో ఎప్పుడో ఆ సెంటీమీటర్లు పోయాయి. మెదడు అత్యంత వేగంగా పెరిగే కాలమూ అదే. పాఠం అందుకోలేకపోతున్న పిల్లల విషయంలో ఇది గుర్తుంచుకోండి.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం గిడసబారినవాళ్లు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు వాళ్లలో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దేశం మొత్తం మీద గిడసబారిన పిల్లలు పల్లెల్లో 37 శాతం, పట్టణాల్లో 30 శాతం. ఈ చివరి అంకె చూసి నగరంలో పిల్లల పరిస్థితి నయం అనుకుంటారు. ఆ సగటులో బంజారాహిల్స్ బంగళాలోని పిల్లవాడూ, నాలా పక్కన రేకుల ఇంట్లోని పిల్లవాడూ కలిసిపోయి ఉన్నారు. 2011 జనగణన ప్రకారం విశాఖలో 44 శాతం కుటుంబాలు, విజయవాడలో 41 శాతం, హైదరాబాద్‌లో 32 శాతం మురికివాడల్లోనే ఉన్నాయి. ఇదీ మొత్తం లెక్క కాదు. 2005-06 నాటి సర్వేలో హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో మురికివాడలను, మిగతా ప్రాంతాలను విడివిడిగా లెక్కించారు. పేదలు మురికివాడల్లోనే లేరని, బయట కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారని అప్పుడే తేలింది. అపార్ట్‌మెంట్ సెల్లారులో వాచ్‌మన్ గది, కోకాపేటలో లేబర్ క్యాంపు, మెట్ల కింద కిరాయికిచ్చిన అర్ధ గది. ఈ ఇళ్లు ఏ మురికివాడ జాబితాలోనూ ఉండవు. ఆశా కార్యకర్త తిరిగే ఇళ్లలోనూ చాలాసార్లు ఉండవు.

ఇప్పుడు తీరిక సంగతికి వస్తాను. నా దృష్టిలో అసలు విషయం ఇదే.

నాలుగిళ్లలో పని చేసే తల్లి రోజు ఎలా ఉంటుందో చూడండి. తెల్లవారుజామున నల్లా వస్తే బిందెలు, డ్రమ్ములు నింపాలి. నల్లా రాని రోజు ట్యాంకర్ కోసం కాచుకోవాలి. ఆరున్నర, ఏడింటికల్లా మొదటి ఇంట్లో ఉండాలి, ఎందుకంటే ఆ ఇంటావిడ కూడా ఆఫీసుకు పోవాలి. పొద్దున్నే ఒకసారి అన్నం, ఏదో ఒక చారో పప్పో వండి పెట్టి పోతుంది. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. సాయంత్రం మళ్లీ పోవాలి. ఏడాది నిండిన బిడ్డ ఆ వేళల్లో ఎవరి దగ్గర ఉంటుంది? మూడేళ్లలోపు పిల్లలను అంగన్‌వాడీ రోజంతా ఉంచుకోదు. వాళ్లకు ఇంటికి తీసుకెళ్లే సరుకు ఇస్తుంది, అంతే. పూర్వప్రాథమిక తరగతి మూడేళ్లు దాటినవాళ్లకు. అదీ తెరిచేది తొమ్మిది తర్వాత. అంటే బిడ్డ ఎదుగుదల తేలిపోయే వయసులో తల్లి ఆ బిడ్డను వదిలి వెళ్లడానికి నగరంలో చోటే లేదు. ఊళ్లో అయితే నాయనమ్మ ఉండేది, చినమ్మ ఉండేది. ఇక్కడ ఏడెనిమిదేళ్ల అక్క ఉంటుంది. మీ తరగతిలో వారానికి రెండు రోజులు రాని ఆడపిల్ల ఆమే కావచ్చు.

ఏడాది బిడ్డ పొట్ట చిన్నది. ఒక పూటకు పావు లీటరు గిన్నెడు కంటే ఎక్కువ పట్టదు. అందుకే రోజుకు మూడు నాలుగు సార్లు మెత్తగా, చిక్కగా, కాస్త నూనె కలిపి పెట్టాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి, తల్లిపాలు. ప్రతిసారీ ఒళ్లో కూర్చోబెట్టుకుని అరగంట ఓపిక పట్టాలి. ఏడెనిమిదేళ్ల పిల్ల ఇది చేయలేదు, చేయమని అడగడమే తప్పు. ఆ పిల్ల చేయగలిగింది, ఏడుపు ఆపడానికి చాయ్‌లో బిస్కెట్ ముంచి ఇవ్వడం, అయిదు రూపాయల ప్యాకెట్ విప్పి ఇవ్వడం. చాయ్ ఆకలిని చంపుతుంది, పైగా అన్నంలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. ప్యాకెట్లో ఉప్పు, నూనె, పిండి తప్ప ఏమీ ఉండవు. కానీ వాటికి పొయ్యి అక్కర్లేదు, గిన్నె కడగక్కర్లేదు, పెద్ద మనిషి దగ్గర ఉండక్కర్లేదు. బస్తీ చివరి దుకాణంలో ఆ ప్యాకెట్లు దండలుగా వేలాడడానికి కారణం తల్లుల అజ్ఞానం అనడం అన్యాయం. పెద్దవాళ్లు లేని ఇంట్లో పిల్లవాడి ఏడుపు ఆపే మార్గం అదొక్కటే.

దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో సరిపడా సార్లు, సరిపడా రకాల తిండి తింటున్నవాళ్లు 11 శాతమే అని అదే జాతీయ సర్వే చెప్పింది. ఇది డబ్బున్న ఇళ్లలోనూ ఉన్న సమస్యే. అయితే డబ్బున్న ఇంట్లో బిడ్డ జబ్బు పడితే తర్వాతి రెండు వారాలు ఎవరో ఒకరు కూర్చుని అదనంగా తినిపిస్తారు, తగ్గిన బరువు తిరిగి వస్తుంది. బస్తీ బిడ్డకు ఆ రెండు వారాలు దొరకవు. మొదటి జబ్బులో తగ్గిన బరువు రాకముందే రెండోది వస్తుంది.

అంగన్‌వాడీ ఇంటికి ఇచ్చే బాలామృతం సంగతీ అంతే. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన రెండున్నర కిలోల ప్యాకెట్ మంచి తిండే. దాన్ని వెక్కిరించేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ ఇంటికి వెళ్లాక అది ఇంట్లో ఉన్న పిల్లలందరి తిండి అవుతుంది, నెలకు రావలసింది పది రోజుల్లో అయిపోతుంది. గర్భిణుల కోసం 2015 జనవరి 1 నుంచి తెలంగాణలో నడుస్తున్న ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో రోజూ ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతారు. మంచి పథకం. ఆ భోజనం వేళకు ఇళ్లల్లో పని చేసే గర్భిణి మూడో ఇంట్లో గిన్నెలు తోముతూ ఉంటుంది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉంది. రక్తం లేని తల్లికి, ఎనిమిదో నెల దాకా బరువులెత్తిన తల్లికి రెండున్నర కిలోలు కూడా లేని బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువ. వెయ్యి రోజుల్లో మొదటి 270 రోజులు అలా పోతాయి. ఆఫీసు ఉద్యోగం చేసే ఆడవాళ్లకు చట్టం 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. ఇంటిపని చేసే ఆమె నెల దాటి రాకపోతే ఆ ఇంట్లో ఇంకొకరు చేరిపోతారు. అందుకే ఆరు నెలల దాకా తల్లిపాలే అని మేం చెప్పే మాట, రెండో నెలలోనే పనికి వెళ్లాల్సిన తల్లి చెవికి చేరినా చేతికి అందదు.

సరైన వయసులో తిండి అందితే ఏం జరుగుతుందో మనకు ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఒక పని చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు ఆహారం అందింది, పక్కనున్న 14 ఊళ్లలో అప్పటికి అందలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక మళ్లీ వెతికి పరీక్షించారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. అంతకంటే నాకు ముఖ్యం అనిపించేది, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. అంటే కడుపులోనూ పసితనంలోనూ తిన్న ఆ కాస్త తిండి, పెద్దయ్యాక వచ్చే షుగరును, గుండెజబ్బును తగ్గించే దిశగా పనిచేసింది. బస్తీలో నలభై ఏళ్లకే షుగర్ గోలీలు మింగుతున్న ఆటో డ్రైవర్లను చూసినప్పుడు నాకు ఈ లెక్క గుర్తొస్తుంది.

ఇక నీళ్లు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో ఏం జరిగిందో పాత హైదరాబాదీలకు గుర్తుండే ఉంటుంది. తాగునీటి పైపులో మురుగు కలిసి కలరా వచ్చింది, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. అది వార్తల్లోకి వచ్చింది కాబట్టి తెలిసింది. చిన్న మోతాదులో అదే ప్రతి వానాకాలం ఏదో ఒక బస్తీలో జరుగుతూనే ఉంటుంది. దీనికి కారణం తేలికగా అర్థమవుతుంది. నల్లా నీళ్లు రోజంతా రావు. నీళ్లు ఆగిన గంటల్లో పైపు లోపల ఒత్తిడి పోతుంది. పైపు, మోరీ ఒకే గల్లీలో పక్కపక్కనే పోతుంటాయి. పైపుకు పగులు ఉంటే చుట్టూ ఉన్న మురుగును స్ట్రాతో పీల్చినట్టు లోపలికి లాగేసుకుంటుంది. ఇళ్లవాళ్లు నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. నల్లా వచ్చిన మొదటి కొన్ని నిమిషాల నీళ్లు వాసన వస్తాయని ఏ గృహిణి అయినా చెబుతుంది. కాచుకోవాలంటే గ్యాసు కావాలి. సిలిండర్ నెలాఖరుకు అయిపోతే అన్నం వండుకోవడమే గగనం.

విరేచనాల వల్ల వచ్చే నష్టం అవి ఆగడంతో పోదు. మురికి మళ్లీ మళ్లీ కడుపులోకి వెళ్లే పిల్లల్లో విరేచనాలు లేని రోజుల్లో కూడా పేగు లోపలి పొర వాచి, పలచబడి ఉంటుంది. తిన్న తిండిలో ఒంటికి పట్టేది తగ్గుతుంది. తిన్నదాంట్లో కొంత ఆ వాపుతో పోరాడడానికే ఖర్చయిపోతుంది. బాగానే తింటాడు డాక్టర్ గారూ, ఒంటికి పట్టడం లేదు అని తల్లులు చెప్పేది ముమ్మాటికీ నిజం. అది విని నవ్వే డాక్టర్లను చూస్తే నాకు కోపం వస్తుంది. వెల్లూరు బస్తీల్లో పిల్లలను పుట్టినప్పటి నుంచి మూడేళ్లు గమనించిన పరిశోధకులు, సగానికి పైగా పిల్లలకు ఆరు నెలలు నిండేలోపే, విరేచనాలు తెచ్చే రోటా వైరస్ సోకిందని కనుగొన్నారు. అంత తొందరగా, అన్నిసార్లు సోకుతుంది కాబట్టే ఆ టీకాను ఆరో వారం నుంచే మొదలుపెడతారు. మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ తయారు చేసిన రోటావాక్ 2015లో వచ్చింది. మరుసటి ఏడాది ప్రభుత్వ టీకాల్లో రోటా చుక్కలను మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 6, 10, 14 వారాలకు ఉచితంగా వేస్తారు.

విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇవ్వాల్సినవి రెండే. లీటరు నీటికి కలిపే ఓఆర్‌ఎస్ పొడి, 14 రోజుల పాటు జింకు. ఆరు నెలలు దాటితే జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10. రెండూ ప్రభుత్వ కేంద్రాల్లో ఊరికే ఇస్తారు. కానీ చాలాకాలం పాటు మందుల షాపుల్లో, ఆసుపత్రుల క్యాంటీన్లలో ఓఆర్‌ఎస్ అని పేరు రాసుకున్న తియ్యటి డబ్బా పానీయాలు అమ్మారు. వాటిలోని చక్కెర విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కూలి డబ్బుతో ఆ డబ్బా కొన్న తల్లి బిడ్డకు మంచిదే ఇస్తున్నాననుకుంది. ఆమెను మోసం చేసింది ఆ డబ్బా మీది పేరు.

ఇంటి గాలి గురించి క్లుప్తంగా. పది అడుగుల గది, కిటికీ లేదు, వంట అక్కడే, దోమల చుట్ట అక్కడే, బీడీ అక్కడే, అయిదుగురి పడక అక్కడే. నిమోనియాకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. దగ్గు, జలుబు ఉన్న బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో చొక్కా పైకెత్తి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకంటే ఎక్కువ, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు వాళ్లకు 40 లేదా అంతకంటే ఎక్కువ అయితే ఆ రోజే దవాఖానకు పోవాలి. డొక్కలు లోపలికి పోతుంటే ఒక్క గంట కూడా ఆగకూడదు. ఆ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందని తెలిస్తే, పిల్లవాడికి దగ్గు లేకపోయినా చూపించాలి. జబ్బు లేదని తేలితే టీబీ రాకుండా ముందుగానే మందు ఇస్తారు, అదీ ఉచితమే. చాలా ఇళ్లలో పెద్దమనిషికి మందులు మొదలవుతాయి, పిల్లల సంగతి ఎవరూ అడగరు.

పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్లు, తుక్కు దుకాణాలు, లోహాలు కరిగించే బట్టీలు ఉన్నచోట ఇంకో ప్రమాదం ఉంది: సీసం. కాటేదాన్ పారిశ్రామిక ప్రాంతంలో మట్టిని పరీక్షించినప్పుడు సీసం, ఇతర భారలోహాలు ఎక్కువగా ఉన్నట్టు శాస్త్రవేత్తలు చూశారు. నేల మీద పాకే బిడ్డ చేయి నోట్లో పెట్టుకుంటుంది, ఆ దుమ్ము కడుపులోకి పోతుంది. రక్తహీనత ఉన్న పిల్లల పేగులు సీసాన్ని మరింత ఎక్కువగా పీల్చుకుంటాయి. అంటే తిండి లేని బిడ్డకే విషమూ ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాముల సీసం ఉంటే చాలు, మూలం వెతికి తీసేయమంటుంది. ఆ స్థాయిలో బయటికి ఏ లక్షణమూ కనిపించదు, తెలివితేటలు మాత్రం తగ్గుతాయి. తుక్కు పని చేసే ఇంటి పిల్లలు మీ దగ్గర ఉంటే, తండ్రి పనిబట్టలు వేరుగా ఉతకమని, ఇంటికి రాగానే స్నానం చేసి బిడ్డను ఎత్తుకోమని చెప్పండి. పని మానేయమని మాత్రం చెప్పకండి. వాళ్లకు ఇంకో పని చూపించగలిగితేనే ఆ మాట అనే హక్కు మనకుంది.

దెబ్బలు, కాలడాలు, నీళ్ల సీసాలో పోసిన కిరోసిన్ తాగేయడం, తెరిచి ఉన్న గుంటల్లో పడడం. ఇవన్నీ మళ్లీ పెద్దవాళ్లు దగ్గర లేకపోవడం దగ్గరికే తీసుకొస్తాయి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లవాణ్ని చంపేసినప్పుడు ఊరంతా కుక్కల గురించే మాట్లాడింది. కాపలా పని చేసే తండ్రి ఆ పిల్లవాణ్ని పని చేసే చోటికి ఎందుకు వెంటబెట్టుకు రావాల్సి వచ్చింది అని అడిగినవాళ్లు తక్కువ.

దవాఖాన దగ్గరే ఉంది కదా అన్నారు. ఉంది. 2018లో మొదలైన బస్తీ దవాఖానలు నిజంగా ఉపకారం చేశాయి. కానీ అవి పగటిపూట పనిచేస్తాయి. పగలు దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుంది. కాబట్టి తల్లి బిడ్డను తీసుకుని రాత్రి ఎనిమిదింటికి గల్లీలోని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది. అక్కడ సూది పడుతుంది, గ్లూకోజు ఎక్కుతుంది, రెండు రోజుల యాంటీబయాటిక్ చేతికొస్తుంది. చాలాసార్లు అది దానంతటదే తగ్గే వైరల్ జ్వరమే. పది లక్షల దాకా వర్తించే ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో చేరాల్సిన పెద్ద జబ్బులకు. నెలనెలా వచ్చే జ్వరాలకు, దగ్గులకు, గోలీలకు, ఆటో కిరాయికి పోయే డబ్బు దాని పరిధిలో లేదు. ఆ చిన్న ఖర్చులే పాలప్యాకెట్‌ను, గుడ్డును ఇంట్లోంచి తీసేస్తాయి. బాగా చిక్కిపోయిన బిడ్డను నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో ఉన్నలాంటి పోషకాహార పునరావాస కేంద్రంలో రెండు వారాలు ఉంచమంటే తల్లి ఒప్పుకోకపోవడం మీరు చూసే ఉంటారు. ఇంట్లో మిగతా ఇద్దరు పిల్లలను ఎవరు చూస్తారన్న ఆమె ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

తండ్రుల తాగుడు గురించి మీరు అడగలేదు, కానీ తప్పించుకోను. అది నిజం, చాలా ఇళ్లలో పెద్ద నష్టం. అయితే తాగని తండ్రులున్న ఇళ్లలో కూడా పిల్లలు గిడసబారుతూనే ఉన్నారు. కాబట్టి అన్నిటికీ దాన్నే కారణంగా చూపడానికి నేను ఒప్పుకోను.

ఇక మీరు చేయగలిగింది. పొట్టిగా ఉన్న మీ విద్యార్థిని గురించి దిగులుపడండి, మధ్యాహ్న భోజనంలో ఆమెకు గుడ్డు అందేలా చూడండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల గోలీ మింగేలా చూడండి. కానీ ఆమెకు ఇంట్లో రెండేళ్లలోపు చెల్లో తమ్ముడో ఉన్నారా అని తప్పకుండా అడగండి. మీ సాయం ఎక్కువగా పనికొచ్చేది ఆ బిడ్డకే, ఎందుకంటే ఆ బిడ్డకు ఇంకా సమయం ఉంది. అంగన్‌వాడీ టీచర్ దగ్గర జబ్బ కొలిచే టేపు ఉంటుంది. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే జాగ్రత్త పడాలి, 11.5 కంటే తక్కువ ఉంటే అది ప్రాణాపాయం, వెంటనే పంపించాలి. తరచూ బడి మానే ఆడపిల్లల పేర్లు రాసుకుని, ఏ ఇంట్లో చంటిబిడ్డ ఉందో ఆ పక్కనే రాయండి. ఆ పట్టిక మీ చేతిలో ఉంటే మీ బస్తీలో పిల్లల సంరక్షణ కేంద్రం ఎందుకు కావాలో అధికారులకు వేరే వివరించక్కర్లేదు.

ఆ కేంద్రం అడగడం దయ కోరడం కాదు. కూలి తల్లుల పిల్లల కోసం 1969లోనే ఢిల్లీలో భవన నిర్మాణ స్థలం దగ్గర మొబైల్ క్రెషెస్ అనే సంస్థ కేంద్రం పెట్టి చూపించింది. 50 మందికి పైగా ఆడకూలీలు పని చేసే నిర్మాణ స్థలంలో పిల్లల గది ఉండాలని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి చట్టం చెప్పింది. కాంట్రాక్టర్లు ఆడవాళ్లను మేస్త్రీల కింద ముక్కలుగా చూపించి ఆ లెక్కను తప్పించుకునేవారు. అలాంటి సంఖ్య నిబంధన సరికాదని నా గట్టి అభిప్రాయం. అంగన్‌వాడీలోనే పిల్లల సంరక్షణ కేంద్రం నడపడానికి కేంద్ర ప్రభుత్వపు పాల్నా పథకం ఉంది. అంగన్‌వాడీయే లేని చోట, ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉంటే, అడిగిన మూడు నెలల్లోపు అంగన్‌వాడీ ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఆదేశించింది. మురికివాడలకూ అది వర్తిస్తుంది.

మీ బస్తీలో అంగన్‌వాడీ ఉందన్నారు కాబట్టి మీరు అడగాల్సింది పాల్నా కింద సంరక్షణ కేంద్రం. దరఖాస్తు అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి, అంటే సీడీపీఓ పేరున రాయండి. మూడేళ్లలోపు పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లి చేసే పని, పనికి వెళ్లే వేళ, తిరిగొచ్చే వేళ ఒక పట్టికగా జతచేయండి. తల్లులతోనే సంతకాలు పెట్టించండి, రాయలేనివాళ్లతో వేలిముద్ర వేయించండి. కేంద్రం పొద్దున ఆరున్నరకు తెరవాలని దరఖాస్తులో స్పష్టంగా రాయండి. తొమ్మిదికి తెరిచే కేంద్రం ఆ తల్లులకు ఉపయోగపడదు. ప్రతి దానికీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుని దాచుకోండి. బస్తీ బయట సెల్లారుల్లో, లేబర్ క్యాంపుల్లో ఉన్న బిడ్డల పేర్లు కూడా కలపండి. వాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.